రాలని జుట్టు ఎక్కడికి పోతుంది?

మా కుక్క రింగుని చూసినవాళ్లు ముందు అడిగేది ఒకటే, "వీటికి జుట్టు రాలదంట కదా?" అని. రాలదు. సోఫా మీద, నల్ల బట్టల మీద, ఎక్కడా ఒక వెంట్రుక కనపడదు. మేం కూడా ఆ మాట విని మురిసిపోయే తెచ్చుకున్నాం. రాలని జుట్టు మరి ఎక్కడికి పోతుందని మాత్రం ఎవరమూ ఆలోచించలేదు. ఎక్కడికీ పోదు, పక్క వెంట్రుకల్లో చిక్కుకుని వాడి ఒంటి మీదే ఉండిపోతుంది. ఈ ఒక్క సంగతి ముందే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే వాడు మొదటి ఏడాది అంత నొప్పి పడేవాడు కాదు. పూడుల్ అనే ఉంగరాల జుట్టు జాతికీ ఇంకో జాతికీ పుట్టిన క్రాస్ పిల్లని తెచ్చుకుందామా అని చూస్తున్నవాళ్లకి పనికొస్తుందనే ఇదంతా రాస్తున్నా.

రింగు వాళ్లమ్మ కాకర్ స్పానియల్, నాన్న మినియేచర్ పూడుల్. ఈ కలయికని కాకపూ అంటారు. 8 వారాల పిల్లగా ఇంటికొచ్చాడు, వీపు మీద ఉంగరాలు తిరిగిన జుట్టు చూసి మా చిన్నది రింగు అని పిలిచింది, అదే పేరైపోయింది. పసి జుట్టుకి పెద్దగా దువ్వెన అక్కర్లేదు, పైపైన బ్రష్ తిప్పితే చాలు, మెరిసేది. మాకు అదే అలవాటైపోయింది. అయితే ఆరేడు నెలలప్పుడు మొదలై ఏడాది నిండేలోపు వీటికి పసి జుట్టు పోయి పెద్ద జుట్టు వస్తుంది, ఊడిన పసి జుట్టు కింద పడకుండా కొత్తగా మొలిచే రింగుల్లో ఇరుక్కుంటుంది. చూస్తుండగానే చెవుల వెనక, చంకల్లో, పట్టీ రాసుకునే మెడ చుట్టూ, తోక మొదట్లో జడలు కట్టేసింది. పైకి మాత్రం దూదిపింజలా బొద్దుగానే ఉన్నాడు. మా బ్రష్ తగిలేది పై అంగుళానికే, కింద ఏం జరుగుతోందో మాకు తెలియనే లేదు.

ఆ సమయంలోనే ఒకరోజు బురదలో దొర్లాడని స్నానం చేయించాను. చిక్కు తీయకుండా నీళ్లు పోయకూడదని నాకు అప్పుడు తెలియదు. తడిసిన ముడులు ఆరేకొద్దీ ఇంకా బిగుసుకుంటాయి. నాలుగు రోజులకి చెయ్యి వేస్తే మూలగడం మొదలుపెట్టాడు. గ్రూమింగ్ చేసే అమ్మాయి దగ్గరికి తీసుకెళ్తే వాడి వీపు మీద పాయ తీసి చూపించింది, చర్మం కనపడలేదు, అట్ట కట్టిన జుట్టు కనపడింది. "అక్కా, ఇప్పుడు దువ్వితే వీడు తట్టుకోలేడు, మొత్తం తీసేద్దాం" అంది. మెషీన్ పెడితే ఆ జుట్టు దుప్పటి ముక్కలా ఒకే పలకగా ఊడొచ్చింది. కింద చర్మం ఎర్రగా ఉంది, ఎడమ చంకలో కమిలి పుండు పడింది. అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా ఆ ముడి చర్మాన్ని లాగుతూనే ఉండి ఉంటుంది, అయినా అన్ని రోజులూ బంతి తెచ్చి మా ఒళ్లో పెడుతూనే ఉన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఎలా చేస్తున్నానో వివరంగా చెప్తాను, ఎందుకంటే "రోజూ దువ్వండి" అని అందరూ అంటారు, ఎలా దువ్వాలో చెప్పరు. రెండు వస్తువులు కావాలి, సన్నటి తీగలుండే స్లికర్ బ్రష్ ఒకటి, పళ్లు ఒకవైపు దగ్గరగా ఒకవైపు దూరంగా ఉండే స్టీల్ దువ్వెన ఒకటి. ఒక చేత్తో జుట్టుని పైకెత్తి పట్టుకుని, అడుగున చర్మం గీతలా కనపడేలా పాయ తీసి, ఆ పాయని మాత్రమే కుదుళ్ల నుంచి చివరిదాకా మెల్లగా బ్రష్ చేసి, దాని పైన ఇంకో పాయ వదిలి, అలా పాదాల నుంచి పైకి వస్తాను. బ్రష్‌ని గట్టిగా నొక్కితే చర్మం గీరుకుపోతుంది, ముందు మీ ముంజేతి మీద గీసి చూసుకోండి, ఎంత బలం పెట్టొచ్చో తెలుస్తుంది. చివర్లో స్టీల్ దువ్వెన కుదుళ్ల నుంచి ఎక్కడా ఆగకుండా వస్తేనే అయినట్టు. ఆగిందంటే అక్కడ ముడి ఉంది. చిన్న ముడైతే చర్మం లాగకుండా దాని మొదలు వేళ్లతో పట్టుకుని చివర్ల నుంచి విడదీస్తాను. కత్తెర జోలికి మాత్రం పోవద్దు, ముడితో పాటు చర్మం కూడా పైకి లేచి వస్తుంది, తెగేదాకా తెలియదు. ఇంట్లో ఉన్నంతసేపూ పట్టీ తీసేస్తాం. స్నానానికి ముందు పూర్తిగా చిక్కు తీస్తాం, తర్వాత కుదుళ్లదాకా ఆరబెడతాం. ఆరేడు వారాలకోసారి జుట్టు కత్తిరిస్తారు, మేం పొట్టిగానే ఉంచమంటాం. ఫొటోల్లో పెద్ద జుట్టు అందంగానే ఉంటుంది, రోజుకి అరగంట దువ్వే ఓపిక లేని ఇంట్లో అది కుక్కకి శిక్ష.

చెవుల సంగతి కూడా చెప్పాలి. పూడుల్ చెవి లోపల జుట్టు పెరుగుతుంది, కాకర్ చెవి బరువుగా కిందికి వేలాడుతుంది, రెండూ కలిసిన చోట గాలి ఆడదు, తడి నిలుస్తుంది. వారానికోసారి ఎత్తి వాసన చూస్తాను. పుల్లటి వాసన వచ్చినా, తల ఊరికే విదిలిస్తున్నా డాక్టర్‌కి చూపించడమే, ఇయర్ బడ్ లోపలికి పెట్టడం లేదు.

ఇక అలర్జీ. మా పెద్దమ్మాయికి కుక్కల దగ్గర తుమ్ములొస్తాయి, ఈ జాతి అయితే ఏమీ కాదన్న మాట నమ్మే తెచ్చాం. నిజానికి అలర్జీ తెచ్చేది జుట్టు కాదు, కుక్క లాలాజలంలో, చర్మం నుంచి రాలే పొట్టులో ఉండే ప్రోటీన్లు. వాటిలో ముఖ్యమైనది క్యాన్ ఎఫ్ 1. 2012లో నెదర్లాండ్స్ పరిశోధకులు దాన్ని కొలిచి చూస్తే, అలర్జీ రాదని పేరున్న పూడుల్, లాబ్రడూడుల్ లాంటి వాటి జుట్టులో అది మిగతా కుక్కల కంటే ఎక్కువే ఉంది, ఆ ఇళ్ల గాలిలోనూ తక్కువేమీ లేదు. అసలు లాబ్రడూడుల్‌కి పేరు తెచ్చిన కథే చూడండి. ఆస్ట్రేలియాలో చూపులేనివాళ్ల కోసం కుక్కల్ని తయారుచేసే సంస్థలో పనిచేసిన వాలీ కాన్రన్, హవాయిలో ఉన్న ఒకావిడ కోసం 1989లో లాబ్రడార్‌నీ స్టాండర్డ్ పూడుల్‌నీ కలిపారు. ఆవిడ భర్తకి కుక్కలు పడవు. పుట్టిన మూడు పిల్లల్లో ఆయనకి పడింది ఒక్కటే. ఒకే ఈతలో పుట్టినవే అలా ఉంటే జాతి మొత్తానికీ హామీ ఎవరివ్వగలరు? తర్వాత కాలంలో కాన్రన్ ఈ పని మొదలుపెట్టినందుకు బాధపడుతున్నానని బయటికే చెప్పారు, కుక్కల బాగోగులు పట్టకుండా అమ్మకం కోసమే పుట్టించేవాళ్లు పెరిగిపోయారని. మా అమ్మాయికి తుమ్ములు తగ్గాయి, పోలేదు. తన గదిలోకి రింగుని రానివ్వం, దువ్వేటప్పుడు తను పక్కన ఉండదు, ముట్టుకుంటే చేతులు కడుక్కుంటుంది. ఇలా ముగ్గురమూ సర్దుకున్నాం, వాడూ సర్దుకున్నాడు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉంటే తీసుకునే ముందు ఆ పిల్లతోనే, దాని తోబుట్టువుతో కాదు, రెండు మూడుసార్లు గంటల తరబడి గడపనివ్వండి.

క్రాస్ కాబట్టి జబ్బులు రావు అన్న మాట కూడా నమ్మకండి. 2024లో బ్రిటన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ కాకపూ, లాబ్రడూడుల్, కావలియర్ స్పానియల్‌కీ పూడుల్‌కీ పుట్టే కావపూలని వాటి అసలు జాతులతో పోల్చి చూస్తే చాలా జబ్బుల విషయంలో తేడా కనపడలేదు. పూడుల్‌కీ కాకర్‌కీ ఇద్దరికీ రెటీనా మెల్లగా పాడై చూపు పోయే ఒకే వంశపారంపర్య జబ్బు ఉంటుంది, తల్లీ తండ్రీ ఇద్దరిలో ఆ జన్యువు ఉంటే పిల్లకి రావచ్చు. దానికి డీఎన్‌ఏ పరీక్ష ఉంది. ఆ కాగితాలు, మోకాలి చిప్పలు జారతాయేమో చూసే పరీక్ష వివరాలు అడిగితే చూపించనివాళ్ల దగ్గర తీసుకోవద్దు.

వీడి బుర్ర గురించి మొదలుపెడితే ఆగను కాబట్టి కొంచెమే. పూడుల్ వేటలో నీళ్లలో పడ్డ పక్షిని తెచ్చే కుక్క, కాకర్ పొదల్లో పక్షిని వాసన పట్టి లేపే కుక్క. ఉత్త నడకతో వీడికి సరిపోదు. గిన్నెలో పెట్టే గింజల్లో సగం పాత తువ్వాలు మడతల్లో దాచి ఇస్తాం, పది నిమిషాలు వెతుక్కుని హాయిగా పడుకుంటాడు. ఒంటరిగా వదిలితే టెన్షన్ పడేవాడు, రెండు నిమిషాలతో మొదలుపెట్టి నెలల తరబడి పెంచితే ఇప్పుడు మూడు గంటలు ఉండగలుగుతున్నాడు.

ఇప్పుడు నాలుగేళ్లు. రాత్రి భోజనాలయ్యాక దువ్వెన తీసిన చప్పుడికే వచ్చి చాప మీద పక్కకి పడుకుంటాడు. కాళ్లు, పొట్ట, చెవులు అన్నీ ఇస్తాడు. ఎడమ చంక దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇప్పటికీ కాలు ముడుచుకుంటాడు. దువ్వెన కింద పెట్టేసి ఊరికే కూర్చుంటాను. కాసేపటికి తనే నా వైపు చూసి కాలు చాపుతాడు, అప్పుడు మొదలుపెడతాను.