హైడ్రో బిల్లంటే నీళ్ళ బిల్లు అనుకున్నా

కెనడాలో మాంట్రియల్‌కి వచ్చిన కొత్తలో ఇంటి ఓనరు "హైడ్రో బిల్లు మీరే కట్టుకోవాలి" అంటే నీళ్ళ బిల్లు కాబోలు అనుకుని తలూపేశా. బిల్లు చేతికొచ్చాక తెలిసింది అది కరెంట్ బిల్లని. మాంట్రియల్ ఉన్న కెబెక్ రాష్ట్రంలో కరెంటు దాదాపు అంతా డ్యాముల నుంచే వస్తుంది, అందుకని కరెంటుకే హైడ్రో అని పేరు పడిపోయింది. బయట మైనస్ పాతిక ఉంటే ఇంట్లో బనీనుతో తిరుగుతున్నామంటే ఆ డ్యాముల పుణ్యమే.

ఈ కరెంటు కెబెక్ మొత్తానికి వెళ్తుందనే చాలా ఏళ్ళు అనుకున్నా. వెళ్ళదు. ఉత్తరాన నునావిక్ అని ఇన్యుయిట్లనే ఆర్కిటిక్ మూలవాసుల ప్రాంతం ఉంది, 14 ఊళ్ళు, ఒక్కదానికీ మెయిన్ గ్రిడ్ లైను లేదు, బయటినుంచి రోడ్డు కూడా లేదు. సమ్మర్‌లో సముద్రం మీద ఐసు విడిపోయాక ఓడలో డీజిల్ వస్తుంది, దాన్ని ట్యాంకుల్లో నింపుకుని ఏడాదంతా కాల్చుకోవడమే. పెళ్ళి షామియానా వెనక జనరేటర్ ఉంటుంది చూడండి, అలాంటిదే ఊరంత సైజులో, ముహూర్తం అయిపోయినా ఆగకుండా. పక్కన నునావుట్ అనే కెనడా ప్రాంతంలో ఇంకో 25 ఊళ్ళు, అక్కడా ఊరికో డీజిల్ ప్లాంటు.

నాకు ఒళ్ళు మండింది ఎక్కడంటే, 1971లో ఉత్తర కెబెక్‌లో జేమ్స్ బే డ్యాముల ప్రాజెక్టు ప్రకటించినప్పుడు ఆ నేల మీదుండే క్రీ అనే మూలవాసులనీ ఇన్యుయిట్లనీ ఎవరూ అడగలేదు. వాళ్ళు కోర్టుకెళ్తే 1973లో ఒక జడ్జి పనులు ఆపమన్నాడు, వారానికే పై కోర్టు ఆ ఆర్డర్‌ని పక్కన పెట్టేసింది, ఇక తప్పక కూర్చుని మాట్లాడుకుంటే 1975లో ఒప్పందం కుదిరింది. డ్యాములు లేచాయి, వైర్లు మాత్రం కిందికి, మా వైపు వచ్చాయి.

"సోలార్ పెట్టేస్తే పోలా" అని నేనూ అన్నవాణ్ణే. చాలా పైనున్న ఊళ్ళలో చలికాలం కొన్ని వారాలు సూర్యుడే రాడు, అది ఒక సంగతి. అసలు సంగతి ఏంటంటే బయటివాళ్ళు ఏదైనా పట్టుకొచ్చినప్పుడు ఊరివాళ్ళని ఎలా అడుగుతారు అనేది. క్లైడ్ రివర్ కేసు చూడండి. నునావుట్‌లో బాఫిన్ ద్వీపం మీద చిన్న ఊరు. సముద్రంలో చమురు కోసం సర్వే చేస్తాం అని కంపెనీలొచ్చాయి, మరి మా తిమింగలాలూ సీల్సూ ఏమవుతాయి అని ఊరివాళ్ళు అడిగారు, మీటింగ్‌లో సరైన జవాబు రాలేదు, కొన్ని నెలల తర్వాత వచ్చింది, 3,926 పేజీల డాక్యుమెంట్! అందులో కొంచెమే ఇన్యుయిట్ల భాష ఇనుక్టిటుట్‌లో ఉంది, మిగతాదంతా ఇంగ్లీషే. పైగా అక్కడి నెట్ స్పీడుకి మాజీ మేయర్‌కే అది డౌన్‌లోడ్ అవ్వలేదట. ఇంటర్ రిజల్ట్స్ రోజు నెట్ సెంటర్లో కూర్చుని ఓపెన్ అవ్వని పేజీని పదే పదే రిఫ్రెష్ కొట్టినవాళ్ళకి ఆ బాధ తెలుస్తుంది. 2017లో కెనడా సుప్రీంకోర్టు ఇలా కాగితాలు కుమ్మరించడం సంప్రదింపులు కాదు అని అనుమతి కొట్టేసింది.

ఈలోపు 2016లో అదే ఊరి కమ్యూనిటీ హాలు మీద గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ వాళ్ళు సోలార్ ప్యానెళ్ళు బిగించారు. సీల్ వేట మీద వీళ్ళు 70ల్లో, 80ల్లో చేసిన గోలకి సీల్ చర్మాల మార్కెట్ పడిపోయి ఇన్యుయిట్ ఇళ్ళు ఎంత దెబ్బతిన్నాయో అక్కడ అందరికీ గుర్తే, 2014లో క్షమాపణ చెప్పుకున్నాకే ఈ పని జరిగింది.

క్లీన్ ఎనర్జీ కదా, అడక్కపోయినా పర్లేదులే అనుకునేవాళ్ళు తూర్పు కెనడాలోని లాబ్రడార్‌లో మస్క్రాట్ ఫాల్స్ సంగతి చూడాలి. 824 మెగావాట్ల హైడ్రో. రిజర్వాయరు నిండితే దిగువన చేపల్లో, సీల్స్‌లో మిథైల్ మెర్క్యురీ అనే విషం పెరుగుతుంది, మా తిండే అది, అని ఇన్యుయిట్లు మొత్తుకున్నారు, 2016 అక్టోబర్‌లో నిరాహార దీక్షకి కూడా కూర్చున్నారు. ప్రాజెక్టు అయింది. ఆ తీరంలో నెయిన్, హోప్‌డేల్ లాంటి ఇన్యుయిట్ ఊళ్ళు ఇప్పటికీ డీజిల్ మీదే.

ఇక ఇనుక్జువాక్. హడ్సన్ బే ఒడ్డున, నునావిక్‌లోనే. 1953లో ప్రభుత్వం ఈ ఊరి నుంచి కొన్ని కుటుంబాలని ఓడెక్కించి దాదాపు 2,000 కిలోమీటర్లు ఉత్తరానికి తీసుకెళ్ళి దింపింది, నచ్చకపోతే రెండేళ్ళలో వెనక్కి రావచ్చు అని చెప్పి. తిరిగి తేలేదు. నెలల తరబడి చీకటిగా ఉండే చలికాలం వాళ్ళు అంతకుముందు చూసిందే లేదు. దానికి ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2010లో. సరిగ్గా అదే ఏడాది ఆ ఊళ్ళో ఓటింగ్ జరిగింది, మన నది మీద చిన్న హైడ్రో ప్లాంటు కట్టుకుందామా వద్దా అని, పెద్ద మెజారిటీతో కట్టుకుందాం అన్నారు.

ఇక్కడ నాకు బాగా నచ్చిందేంటంటే వాళ్ళు ఓటేసి ఊరుకోలేదు. 1975 ఒప్పందంతో ఊరి భూములు చూసుకోవడానికి ఏర్పడ్డ సంస్థల్లో పిటువిక్ అనేది ఇనుక్జువాక్‌ది, అది ఒక ప్రైవేట్ కంపెనీతో కలిసి ఇన్నావిక్ అని పేరున్న ఈ హైడ్రో ప్రాజెక్టులో సరిసగం వాటా తీసుకుంది. 2019లో కెబెక్ ప్రభుత్వ కరెంటు సంస్థ హైడ్రో-కెబెక్‌తో 40 ఏళ్ళకి కరెంటు అమ్మే ఒప్పందం, 2023లో కరెంటు మొదలు, 7.5 మెగావాట్లు. పెద్ద రిజర్వాయరు లేదు, పారే నదిని పారుతుండగానే వాడుకునే పద్ధతి. లైట్లకే కాదు, ఇళ్ళలో హీటింగ్‌కీ వేడి నీళ్ళకీ కూడా ఇదే. ఓటుకీ స్విచ్‌కీ మధ్య పదమూడేళ్ళు పట్టింది, ఆలస్యం అంటారా, నాకైతే అలా అనిపించలేదు, మాకు వైర్లు వేయడానికి ఎవరినీ అడక్కుండా మొదలెట్టిన తొందర ముందు ఇదెంత.

ఊళ్ళో పాత డీజిల్ ప్లాంటు ఇంకా ఉంది, బ్యాకప్‌కి. మిగతా 13 ఊళ్ళకి సమ్మర్ ఓడ వస్తూనే ఉంది.