హెసరఘట్ట గడ్డిలో తీతువు గుడ్లు, దారంతా మా వాదన

మార్చిలో ఒక ఆదివారం ఇంకా చీకటుండగానే మారతహళ్లిలో బయల్దేరి హెబ్బాళ, యలహంక మీదుగా హెసరఘట్ట వెళ్లాం, కారులో నేను, అనంతపురం అన్న, కర్నూలు అక్క, కొత్తగా పెద్ద లెన్స్ కొన్న మా ఆఫీసు తమ్ముడు. 1894లో అర్కావతి మీద కట్టిన చెరువు అది, బెంగళూరుకి పైపుల్లో నీళ్లు మొదట వెళ్లింది ఇక్కణ్ణుంచే. మేం వచ్చింది మాత్రం పక్కనున్న గడ్డిమైదానం కోసం. చూసేవాళ్లకి అది బీడు, అందుకే బైకులు, జీపులు గడ్డి మీద అడ్డంగా తోలేస్తారు, కానీ ఇక్కడ లార్క్, పిపిట్ అనే చిన్న పిట్టలు, తీతువులు అన్నీ గుడ్లు పెట్టేది నేల మీదే, చలికాలంలో వచ్చే హారియర్ గద్దలు రాత్రి పడుకునేది కూడా గడ్డిలో నేల మీదే.

కాసేపు నడిచామో లేదో తీతువుల జంట మా నెత్తి మీద అరుస్తూ తిరగడం మొదలుపెట్టింది. అక్క చెయ్యి అడ్డం పెట్టి ఆపేసింది, చూస్తే గులకరాళ్ల మధ్య మట్టిరంగు గుడ్లు నాలుగు! తమ్ముడు దగ్గరికెళ్లి తీస్తానన్నాడు, రెండు నిమిషాలే కదా అని అన్న కూడా వాడి వైపే. ఆ ఎండలో రెండు నిమిషాలు ఎక్కువే అన్నా అన్నాను నేను. తల్లీతండ్రీ నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి మరీ గుడ్లని చల్లబరుస్తాయి, అంత కష్టపడేవాటిని లేపేస్తే పైనుంచి చూసే కాకికి దారి చూపించినట్టే.

సరే, వెనక్కొచ్చాం. ఇంకొంచెం ముందుకెళ్లాక అన్న బ్లూటూత్ స్పీకర్ తీసి జెర్డాన్స్ బుష్‌లార్క్ అనే పిట్ట పాట పెట్టాడు, ఇక అక్కకి నిజంగా కోపమొచ్చింది. ఆ మగపిట్ట తన జాగాలోకి వేరే మగపిట్ట వచ్చిందనుకుని మేత మానేసి వెతుకుతుంది, మనం ఫోటో తీసుకుని వెళ్లిపోతాం, మన వెనకొచ్చే గుంపు మళ్లీ అదే పాట పెడుతుంది. అన్న ఊరుకోలేదు. అంతరించిపోయిందనుకున్న మన కలివికోడి పిట్ట కోసం సైంటిస్టులు కూడా అడవిలో రికార్డింగులు పెట్టి వెతికారు కదా, అది తప్పు కానిది ఇది తప్పెలా అవుతుంది అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే, తీసిపారేయలేం.

కానీ వాళ్లు పర్మిషన్‌తో, ఆ పిట్ట అసలు ఉందో లేదో తెలుసుకోవడానికి పెట్టారు, దానితో పాటు మట్టి చదును చేసి కాలిగుర్తులు చూశారు, ఏదైనా కదిలితే వాటంతటవే ఫోటో తీసే కెమెరా ట్రాప్‌లు పెట్టారు. అక్క ఇంకోటి కూడా గుర్తుచేసింది, 1986లో కడప వైపు కలివికోడి మళ్లీ దొరికినప్పుడు పట్టుకున్న ఆ ఒక్క పిట్ట బతకలేదు. మంచి ఉద్దేశంతో చేసినా పిట్టకి నష్టం జరుగుతుంది, మరి మన సరదాకి ఎంత జాగ్రత్తుండాలి?

ఫోటోలు చూసే కదా జనానికి పిట్టలంటే ఇష్టం పుట్టేది అన్నాడు అన్న. నిజమే, నాకూ అలాగే పుట్టింది, అయితే ఆ ఫోటోలు దూరం నుంచి, పిట్ట తన పని తను చేసుకుంటుండగా తీసినవి.

తిరిగొస్తూ యలహంకలో ఇడ్లీ తినేటప్పుడూ ఇదే గొడవ. గూడు లొకేషన్ ఎవరికీ పంపొద్దు, పిల్లలు బయటికి రావడానికి నాలుగు వారాలు పడుతుంది, అప్పటిదాకా ఆగుదాం అంది అక్క. తమ్ముడు అక్కడే మ్యాప్‌లో పెట్టుకున్న పిన్ తీసేశాడు. అన్న మాత్రం ఇంత చాదస్తం అవసరం లేదన్నాడు, వచ్చే ఆదివారం స్పీకర్ తీసుకునే నంది హిల్స్ వెళ్తానన్నాడు, స్పీకర్ వస్తే నేను రానని చెప్పేశాను.