అక్కి మాత్రలు మొదలుపెట్టేముందు కిడ్నీ రిపోర్టు బీరువాలోంచి బయటికి తీయండి

నాయనకు అక్కి (ఇంగ్లీషులో షింగిల్స్, హెర్పిస్ జోస్టర్ అంటారు) వచ్చి మూడు నెలలయింది, పొక్కులన్నీ మాడిపోయినాయి కానీ ఇంకా చొక్కా తగిలితే పక్కటెముకల దగ్గర మంటంటాడు. ఆ వారం మా ఇంట్లో ఏం జరిగిందో రాయాలని అప్పట్నుంచీ అనుకుంటా ఉన్నా. మొన్న మా వీధిలో ఇంకొకాయనకి వచ్చింది, ఆయన కూడా అచ్చం మాలాగే డాక్టర్ చీటీ లేకుండా మెడికల్ షాపుకి పోయి మాత్రలు తెచ్చుకున్నాడు, అది విన్నాక ఇంక రాయకుండా ఉండబుద్ధి కాలేదు.

నాయన, అమ్మ పాకాల దగ్గర మా ఊర్లోనే ఉంటారు, నాయనకు డెబ్బై ఏళ్ళు. ఒకరోజు ఎడం పక్క వీపు మంటగా ఉందన్నాడు, తోటలో ఏదో పురుగు పాకిందిలే అనుకున్నారు. మర్నాటికి అక్కడంతా ఎర్రగా లేచి దానిమీద గుత్తులు గుత్తులుగా నీటి పొక్కులు, వెన్నెముక దగ్గర మొదలై చంక కిందుగా రొమ్ము దాకా పట్టీ కట్టినట్టు వచ్చి నడిమధ్యలో టక్కున ఆగిపోయినాయి, కుడి పక్క ఒక్కటి లేదు. పెద్దమ్మ చూసి "ఇది అక్కిరా, కుమ్మరాయన దగ్గరికి తీసుకుపోండి" అనింది. మా పక్క అక్కి వస్తే కుమ్మరోళ్ళ చేత కావి మట్టితో రాయించుకోవడం ఆనవాయితీ. రాయించినారు. చల్లగా ఉంది, మంట కాస్త తగ్గిందన్నాడు నాయన. నేనెవర్నీ తప్పు పట్టడంలేదు, కానీ పగిలిన పొక్కుల మీద మట్టి పడితే చీము పట్టే భయం ఉంది, పైగా రెండు రోజులు అక్కడే పోయినాయి. ఈ జబ్బుకి మాత్ర పొక్కులు లేచిన 72 గంటల లోపల పడితేనే బాగా పనిచేస్తుంది, ఎంత తొందరగా వేస్తే అంత మంచిది. చిన్నప్పుడు అమ్మవారు (చికెన్‌పాక్స్) పోసి తగ్గిపోయిన వైరస్సే నరాల మొదట్లో ఏళ్ళ తరబడి దాక్కొని ఉండి, వయసయినాకో ఒంట్లో శక్తి తగ్గినాకో ఆ నరం వెంబడే బయటికి వస్తుందంట, అందుకే ఒక పక్కే, పట్టీ లాగా.

మూడో రోజు తమ్ముడు తిరుపతిలో ఒక షాపులో ఫోటో చూపించి మాత్రలు తెచ్చినాడు. వైరస్‌ని అణిచే అసైక్లోవిర్ 800 మిల్లీగ్రాములు, రోజుకు ఐదు సార్లు, ఏడు రోజులు, దాంతోపాటు నొప్పికి డైక్లోఫినాక్. మందు సరైందే, కిడ్నీలు బాగుండేవాళ్ళకి డోసు కూడా అంతే. అమ్మ క్యాలెండర్ మీద 6, 10, 2, 6, 10 అని రాసుకొని పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా ఒక్కటి తప్పకుండా వేసింది. ఆయనకు పదిహేనేళ్ళుగా సుగర్, కిడ్నీ కొంచెం దెబ్బతినిందని ముందే చెప్పున్నారు. ఆ సంగతి షాపులో ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

మాత్రలు మొదలుపెట్టిన మూడో రోజు సాయంత్రం నాయన గోడ వైపు చూస్తా "ఎద్దులు చేన్లో పడినాయి, తోలండి" అన్నాడు. ఎప్పుడో చనిపోయిన చిన్నాయన్ని పేరు పెట్టి పిలిచినాడు. చేతులు అదురుతా ఉన్నాయి, మాట ముద్దముద్దగా వస్తా ఉంది. అమ్మ గాలి సోకిందేమో అని ఏడుస్తా ఫోన్ చేసింది. మధ్యాన్నం నుంచి ఒంటికి కూడా సరిగ్గా పోలేదని ఆమె చెప్పినాక నాకు భయం వేసింది. అప్పటికప్పుడు కారు మాట్లాడుకొని తిరుపతికి తెచ్చినాం.

ఎమర్జెన్సీలో ఉన్న డాక్టరమ్మ మాత్రల అట్ట చూసి మొదట అడిగింది "క్రియాటినిన్ ఎంత ఉంటుంది?" అని. కిడ్నీ ఎంత బాగా పనిచేస్తుందో చెప్పే రక్త పరీక్ష అది, అంకె పెరిగితే కిడ్నీ దెబ్బతిన్నట్టు. ఆర్నెల్ల కిందటి రిపోర్టు ఊర్లో బీరువాలో చీరల కింద ఉంది, అందులో 2.1. ఆ రోజు చూస్తే 3.6.

ఆమె నిదానంగా చెప్పింది. ఈ అసైక్లోవిర్ వైరస్ ఉండే కణంలోనే మేలుకుంటుంది, వైరస్ ఎంజైమే దాన్ని పనిచేసేలా మారుస్తుంది, అందుకే మామూలు కణాలకు పెద్దగా హాని ఉండదు. (దీన్ని తెచ్చిన టీమ్‌లో ఉన్న శాస్త్రవేత్త గెర్ట్రూడ్ ఎలియన్‌కి 1988లో నోబెల్ వచ్చింది, నేను తర్వాత చదివినా.) కానీ పని అయినాక అది పోవాల్సింది మూత్రంలోనే. కిడ్నీ వడకట్టలేకపోతే రక్తంలో పేరుకొని మెదడు మీద పడుతుంది, నీళ్ళు తక్కువ తాగితే కిడ్నీ గొట్టాల్లోనే స్ఫటికాలు కట్టి ఇంకా దెబ్బ తీస్తుంది, డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్ర దానికి తోడైతే చెప్పక్కర్లేదు. నాయన కిడ్నీ లెక్కకి అసైక్లోవిర్ రోజుకు ఐదు కాదు, మూడు సార్లే వేయాలంట. రెండూ ఆపి సెలైన్ పెట్టినారు. రెండో రోజుకి "యాడుండాం మనం?" అని అడిగినాడు నాయన, నాకు ఏడుపొచ్చేసింది. అసైక్లోవిర్ పూర్తిగా మానేయలేదు, తర్వాత డోసు తగ్గించి మిగతా రోజులు పూర్తి చేయించినారు, నొప్పికి వేరే మాత్ర ఇచ్చినారు.

ఇదే జబ్బుకి వాడే వాలసైక్లోవిర్ అయితే ఒక గ్రాము మాత్ర రోజుకు మూడు సార్లే, గుర్తుపెట్టుకోవడం సులువు, కానీ ఒంట్లోకి పోయినాక అది మారేది అసైక్లోవిర్‌గానే కాబట్టి కిడ్నీ లెక్క దానికీ తప్పదు. ఒక పూట మర్చిపోతే తర్వాత రెండు కలిపి వేయొద్దని, నీళ్ళు బాగా తాగించమని చెప్పినారు, గుండె జబ్బుండి నీళ్ళు తగ్గించమన్నోళ్ళు మాత్రం ఎంత తాగాలో డాక్టర్నే అడగాల. నుదురు మీదో ముక్కు కొన మీదో పొక్కులొస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు, కంటికి పాకే ప్రమాదం, తిరుపతిలోనే అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది కదా. పొక్కులు మాడేదాకా కడుపుతో ఉండేవాళ్ళని, అమ్మవారు పోయని చిన్నపిల్లల్ని దూరంగా ఉంచాల, ఆ నీళ్ళు తగిలితే వాళ్ళకి అమ్మవారు పోసే ప్రమాదం ఉంది.

మిగిలిన మాత్రలు పక్కింటక్క అడిగింది, వాళ్ళ అమ్మాయికి పెదవి చివర పొక్కు లేచిందని. ఇవ్వలేదు నేను, ఆమెకు కొంచెం కష్టంగా అనిపించింది. అది వేరే హెర్పిస్, మందు పేరు ఒకటే అయినా డోసు వేరు, పైగా ఆ అమ్మాయికి నెల తప్పింది. "డాక్టర్ దగ్గరికి నేనే తోడొస్తానక్కా" అన్నా, మర్నాడు ఇద్దరం కలిసే పోయినాం.

నాయన రిపోర్టులన్నీ ఇప్పుడు నా ఫోన్లో, తమ్ముడి ఫోన్లో ఉన్నాయి. అక్కి రాకుండా వేసే వ్యాక్సిన్ ఇప్పుడు మన దేశంలోనూ దొరుకుతుంది, యాభై దాటినోళ్ళకి రెండు డోసులు, ఖరీదు ఎక్కువే. అమ్మకు మొదటిది వేయించినాం, రెండు నెలల తర్వాత రెండోది.