మా ఊరి నుంచి జవాన్లు వెళ్తున్నారు, ఆఫీసర్లూ వెళ్లాలి

పర్లాకిమిడిలో ఎన్‌సీసీ (నేషనల్ కేడెట్ కోర్) అంటే జనానికి తెలిసింది రెండే. ఒకటి జనవరి 26న గ్రౌండ్‌లో కవాతు. రెండోది, సర్టిఫికెట్ ఉంటే పోలీసు ఉద్యోగానికో జవాన్ల భర్తీకో పనికొస్తుందన్న మాట. అదే సర్టిఫికెట్‌తో, రాత పరీక్ష లేకుండా, ఆర్మీ ఆఫీసర్ ఇంటర్వ్యూకి పిలుపు రావొచ్చని ఎవరూ చెప్పరు. నేను డిగ్రీ ఫైనలియర్, ఎన్‌సీసీ సీనియర్ వింగ్‌లో, అంటే కాలేజీ అమ్మాయిల విభాగంలో, అండర్ ఆఫీసర్‌ని (కేడెట్లకి లీడర్‌ని). నాకు కూడా సెకండియర్ క్యాంపులో ఒక మేడమ్ చెప్తేనే తెలిసింది. నా వెనక వస్తున్న పిల్లలకి ముందే తెలియాలని ఇది రాస్తున్నాను.

మాది ఒడిశాయే గానీ ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, మా చుట్టాల్లో సగం మంది అటు ఉండిపోయారు. శ్రీకాకుళం పల్లెల నుంచి మిలట్రీకి వెళ్లేవాళ్లు ఎంతమందో ఈ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. మా పెదనాన్న కూడా హవల్దారుగా రిటైరై వచ్చారు. ఆఫీసర్ ఎంట్రీకి అప్లై చేస్తానని చెప్తే ఆయన కోప్పడలేదు, నవ్వలేదు. "ఆఫీసరంటే కోరుకొండ సైనిక్ స్కూల్లో సదివిన పిల్లలకే గానీ మనకేటమ్మా" అన్నారు. అన్నేళ్లు సర్వీసు చేసిన మనిషి ఆ మాట అంత మామూలుగా అనేసరికి నాకు చాలా బాధేసింది.

పరేడ్ ఆదివారం పొద్దున్నే. ముందురోజు రాత్రే ఖాకీ ఇస్త్రీ చేసుకోవాలి, బెల్టు ఇత్తడి బ్రాసోతో తోముకోవాలి, జుట్టు నెట్‌లో బిగించి ముడేసుకోవాలి. సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్. అయ్యాక బరా (గారె), ఘుగుని (బఠాణీ కూర) పెడతారు, తిని ఇళ్లకి పోతాం. డ్రిల్లు వద్దని నేననను. స్క్వాడ్ మొత్తం కాళ్లు ఒక్కసారి నేలకి తగిలితే వచ్చే చప్పుడుకి ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఆఫీసర్ అవ్వాలనుకునేవాళ్లకి కావలసినవి నాకు ఎక్కువగా క్యాంపులోనే దొరికాయి.

బ్రహ్మపురం నుంచి గోపాల్‌పూర్ వెళ్లే వైపు పది రోజుల క్యాంపు. నా పక్క మంచం గుమ్మా కొండల వైపు నుంచి వచ్చిన సవర అమ్మాయిది. ఫైరింగ్‌కి మా ఇద్దరిదీ ఒకే డిటెయిల్, అంటే ఒకేసారి కాల్చే జట్టు. పాయింట్ టూ టూ రైఫిల్ ఇసక బస్తా మీద ఆనించి బోర్లా పడుకోగానే మోచేతుల కింద రాళ్లు గుచ్చుకుంటాయి. రైఫిల్ వెనక భాగం, బట్, భుజం గుంటలో బిగించి, చెంప చెక్కకి ఆనించి, ఊపిరి సగం వదిలి ఆపాలి. ట్రిగ్గర్‌ని గుంజకూడదు. ఎప్పుడు పేలిందో మనకే తెలియనంత మెల్లగా నొక్కాలి. ఐదు రౌండ్లు అయ్యాక ఉస్తాద్ (శిక్షణ ఇచ్చే ఆర్మీ ఆయన) టార్గెట్ పేపర్ తెప్పించి, ఐదు చిల్లులూ ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో కొలుస్తారు. దాన్నే గ్రూపింగ్ అంటారు. అన్నీ ఒక మూలకి పోయినా సరే, ఒకేచోట పడితే గురి దిద్దొచ్చు. చెల్లాచెదురుగా పడితే పట్టు కుదరలేదని అర్థం.

మ్యాప్ రీడింగ్ నాకు ఇంకా ఇష్టం. సర్వే ఆఫ్ ఇండియా షీటు, స్కేలు 1:50,000. మ్యాప్ మీద రెండు సెంటీమీటర్లంటే నేల మీద కిలోమీటరు. ఒకరోజు ఉస్తాద్ మమ్మల్ని జీడితోటల్లోకి తీసుకెళ్లి "మీరెక్కడున్నారో మ్యాప్‌లో చూపించండి" అన్నారు. ఫోన్లు అప్పటికే తీసేసుకున్నారు. దూరంగా లైట్‌హౌస్, ఇంకోవైపు గుట్ట మీద గుడి కనిపిస్తున్నాయి. ప్రిజ్మాటిక్ కంపాస్‌తో రెండిటికీ బేరింగ్, అంటే ఉత్తరం నుంచి ఎన్ని డిగ్రీల్లో ఉన్నాయో తీసుకుని, అయస్కాంత ఉత్తరానికీ మ్యాప్ గళ్ల ఉత్తరానికీ (గ్రిడ్ ఉత్తరం) ఉన్న తేడా సరిచేసి, 180 డిగ్రీలు కలిపో తీసేసో ఆ రెండు చోట్ల నుంచి మా వైపుకి రెండు గీతలు గీశాం. అవి కలిసిన చోటే మేమున్న చోటు. గుట్ట ఎంత దూరమని అడిగితే మేమంతా లెక్కలు కడుతున్నాం. సవర అమ్మాయి ఒకసారి అటు చూసి "పన్నెండొందల మీటర్లు" అంది. స్కేలు పెట్టి చూస్తే దాదాపు అంతే!

ఆ సాయంత్రమే ఒక టాపిక్ ఇచ్చి ఇంగ్లీషులో మూడు నిమిషాలు మాట్లాడమన్నారు. ఆ అమ్మాయి లేచి నిలబడింది, నోరు పెగల్లేదు. మాలో చాలామందిది అదే పరిస్థితి. మా వైపు పిల్లలు ఆగిపోయేది ఇక్కడే.

నేను మొదట్లో చెప్పిన ఆ దారి పేరు ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ. దానికి ఏడాదికి రెండుసార్లు నోటిఫికేషన్ వస్తుంది. వయసు 19 నుంచి 25, పెళ్లి కాకూడదు, డిగ్రీలో 50 శాతం మార్కులు, ఎన్‌సీసీలో పై స్థాయిదైన సి సర్టిఫికెట్‌లో కనీసం బి గ్రేడు. అమ్మాయిలకీ ఉంది. షార్ట్‌లిస్ట్ అయితే ఐదు రోజుల ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు) ఇంటర్వ్యూ. మొదటిరోజే మసకబొమ్మ ఒకటి 30 సెకన్లు చూపించి కథ రాయమంటారు. రాసింది గుంపులో చెప్పి, అందరూ మాట్లాడుకుని ఒక కథకి రావాలి. అక్కడ పోతే అదే రోజు తిరుగు ప్రయాణం. నిలిస్తే ఒక్కో మాట చూసి 15 సెకన్లలో వాక్యం రాసేలా 60 మాటలు, మనమైతే ఏం చేస్తామో అరగంటలో రాయాల్సిన 60 సందర్భాలు, తాళ్లతో దుంగలతో గ్రౌండ్‌లో గ్రూప్ పనులు, మూడు నిమిషాలు ఆలోచించుకుని మూడు నిమిషాలు మాట్లాడే లెక్చరెట్, ఇంటర్వ్యూ. మెడికల్ దాటి మెరిట్‌లో ఉంటే చెన్నై ఆఫీసర్స్ ట్రెయినింగ్ అకాడమీలో 49 వారాలు. అప్పుడు నెలకి 56,100 రూపాయల స్టైపెండ్ ఇస్తారు. ఆ అకాడమీలో అమ్మాయిలు 1992 నుంచే శిక్షణ తీసుకుంటున్నారు.

ఇందులో డ్రిల్లుకి మార్కులు లేవు. మాట్లాడటానికి, ఆలోచనని వరసలో పెట్టుకోవడానికి ఉన్నాయి. తీర, సరిహద్దు జిల్లాలు 173లో లక్షమంది కేడెట్లని కొత్తగా చేర్చుకుంటామని, వాళ్లలో మూడోవంతు అమ్మాయిలని 2020 ఆగస్టు 15న ప్రకటించారు. మంచిదే. చేరినవాళ్లకి ఈ తయారీ కూడా అందాలి కదా!

అందుకే మేమే సాయంత్రాలు కాలేజీ వరండాలో కూర్చోవడం మొదలుపెట్టాం. ముందు ఎవరి భాషలో వాళ్లు, తెలుగో ఒడియానో సవరో, మూడు నిమిషాలు చెప్పాలి. ఆ తర్వాత అదే ఇంగ్లీషులో. సవర అమ్మాయి ఇక్కడే హాస్టల్లో ఉంటుంది, తనూ వస్తుంది. మొన్న తను ఎంచుకున్న టాపిక్ 2018 అక్టోబర్లో వచ్చిన తిత్లీ తుఫాను. కొండచరియలు విరిగిపడి రోడ్లు పోతే, పై ఊళ్లకి ముందు ఏం చేరాలి, మందులా బియ్యమా, ఎవరు మోయాలి, ఏ దారిన వెళ్లాలి అని వరసగా చెప్పుకొచ్చింది. ఇంగ్లీషులో రెండుచోట్ల ఆగింది గానీ వదిలేయలేదు.

ఇప్పుడు పెదనాన్న కూడా వచ్చి ఓ పక్కన కూర్చుంటున్నారు. "కొత్తగా వచ్చిన లెఫ్టినెంటు మా సుబేదారుని అడిగి తెలుసుకునీవోడైతే ఆడి మాట అందరం వినీవోళ్లం" అని చెప్పారు. ఏ గైడులోనూ నాకు ఇంత పనికొచ్చే మాట కనిపించలేదు.

జూనియర్లూ, ఇవి ఫస్టియర్లోనే చూసుకోండి. పరేడ్ హాజరు 75 శాతం తగ్గనివ్వొద్దు. సి సర్టిఫికెట్‌కి రెండు క్యాంపులు కావాలి, ఒకటి సెకండియర్లోనే ముగించండి. మన తెలుగువాళ్లకి ఇంకో చిక్కుంది. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకోదాంట్లో వెనక, ఒడియాలో రాసేటప్పుడు అక్షరం మారి మరొకలా ఉంటుంది. మెట్రిక్ సర్టిఫికెట్లో ఉన్నట్టే ఆధార్, కాలేజీ, ఎన్‌సీసీ ఎన్‌రోల్‌మెంట్ ఫారం అన్నిటిలో ఉందో లేదో ఈ వారమే సరిచూసుకోండి. ఈ ఆదివారం పరేడ్ అయ్యాక వరండాలో లెక్చరెట్ ఉంది, టాపిక్ జీడితోటలు. తెలుగులో మాట్లాడటానికి సిద్ధమై వస్తే చాలు.