వేట నిషేధం రోజుల్లో మా యాప్‌ని తీసేశారు

మే నెలలో, చేపల వేట నిషేధం వల్ల బోట్లన్నీ హార్బర్‌లో కట్టేసి ఉన్నప్పుడు, నేను తయారుచేసిన యాప్‌ని స్టోర్ నుంచి తీసేశారు. అర్ధరాత్రి దాటాక వచ్చిన మెయిల్‌లో సారాంశం ఒక్కటే: మీ యాప్ లొకేషన్ పాలసీకి విరుద్ధంగా ఉంది కాబట్టి తొలగించాం. ఏ స్క్రీన్‌లో తప్పుందో, పాలసీలో ఏ వాక్యాన్ని దాటామో అందులో లేదు. కింద పాలసీ పేజీ లింకు, దాని కింద అప్పీలు ఫారం లింకు. ఏ సబ్జెక్టు పోయిందో చెప్పకుండా ఫెయిల్ అన్నట్టుంది.

ఆ స్టోర్ పేరు ఇక్కడ రాయను. ఇలాంటి మెయిల్ రేపు ఇంకొక డెవలపర్‌కి వస్తే ఏం చేయాలో తెలియాలని ఇది రాస్తున్నాను.

ముందు యాప్ గురించి చెప్పాలి. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మంటలు లేచి పదుల కొద్దీ బోట్లు కాలిపోయిన సంగతి అందరికీ తెలుసు. బోటుతో పాటు కేబిన్‌లో పెట్టుకున్న లెక్కల పుస్తకాలు కూడా బూడిదయ్యాయని మా బంధువుల్లో ఒక బోటు యజమాని చెప్పినప్పుడు ఈ ఆలోచన వచ్చింది. డీజిల్ ఎంత, ఐస్ ఎంత, రేషన్ ఎంత, వేలంలో సరుకు ఎంతకు పోయింది, ఖర్చులు పోగా మిగిలినదాంట్లో యజమాని వాటా, బోటు నడిపే సరంగు వాటా, బోటు మీద పనిచేసే కలాసీల వాటాలు ఎంత. ఇదంతా ఫోన్‌లో తెలుగులో రాసుకునే చిన్న యాప్. గాజువాకలో మా ఇంట్లో కూర్చుని ఒక్కడినే రాశాను. ప్రకటనలు లేవు, ఎవరి సమాచారమూ ఎవరికీ అమ్మను.

వాడటం మొదలుపెట్టాక సరంగులే ఇంకో పని అడిగారు. వేటకు వెళ్ళిన దారి, వల బాగా పడిన చోటు ఫోన్‌లో గుర్తు పెట్టాలి. తీరం దాటి కొంత దూరం వెళ్తే సిగ్నల్ ఉండదు. కానీ జీపీఎస్‌కి సిగ్నల్‌తో పని లేదు, ఉపగ్రహాలు కనిపిస్తే చాలు. అందుకని 'వేట మొదలు' అనే బటన్ పెట్టాను. అది నొక్కితే బోటు దారి ఫోన్‌లోనే నమోదవుతుంది, 'వేట ముగిసింది' అనగానే ఆగిపోతుంది. ఆ దారి మా సర్వర్‌కి రాదు. ఏ చోట చేప దొరుకుతుందో అనేది సరంగు సొంత ఆస్తి, దాన్ని నేను కూడా చూడకూడదు.

గొడవంతా ఈ బటన్ దగ్గరే. యాప్ తెరిచి ఉన్నప్పుడు మాత్రమే లొకేషన్ తీసుకుంటే స్టోర్లకు అభ్యంతరం ఉండదు. తెర ఆపేసినా, వేరే యాప్‌లో ఉన్నా తీసుకుంటామంటే దాన్ని బ్యాక్‌గ్రౌండ్ లొకేషన్ అంటారు, దానికి విడిగా అనుమతి కావాలి. నోటిఫికేషన్ చూపిస్తూ నడిపించే మార్గం ఒకటి ఉంది, మేం దాన్నే వాడుతున్నాం. కానీ మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే చవక ఫోన్లు బ్యాటరీ మిగిల్చడానికి ఇలాంటి పనులను మధ్యలో చంపేస్తాయి. బోటులో చార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగి, మళ్ళీ ఆన్ అవుతుంది. అప్పుడు ఎవరూ యాప్ తెరవకుండానే నమోదు తిరిగి మొదలవ్వాలంటే బ్యాక్‌గ్రౌండ్ అనుమతి లేకుండా కుదరదు. వల లాగుతున్న మనిషి ఫోన్ తీసి చూసుకోడు.

మనుషుల కదలికల్ని దొంగచాటుగా కనిపెట్టి అమ్ముకునే యాప్‌లు చాలా వచ్చాయి కాబట్టే స్టోర్లు ఈ నియమం పెట్టాయి. ఆ నియమాన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. నా బాధ నియమం గురించి కాదు, దాన్ని అమలు చేసిన పద్ధతి గురించి.

తీసేసిన రెండోరోజు హార్బర్ నుంచి ఫోన్ వచ్చింది. 'మన లెక్కలన్నీ పోనాయేటి బాబూ?' అని ఒక సరంగు. ఫోన్‌లో ఉన్నవాళ్ళకి యాప్ పోలేదు, లెక్కలూ పోలేదు. కానీ కొత్త ఫోన్ కొన్నవాళ్ళు దించుకోలేరు, నేను సరిదిద్దిన లోపాలు పాతవాళ్ళకి చేరవు. తూర్పు తీరంలో మర బోట్లకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, వేట నిషేధం. బోట్లు బాగుచేయించుకునేదీ, ఏడాది లెక్కలు తేల్చుకునేదీ, అప్పులు తెచ్చుకునేదీ ఈ రోజుల్లోనే. జూన్ 15 నాటికి యాప్ తిరిగి రాకపోతే వాళ్ళు మళ్ళీ పుస్తకాలకే వెళ్ళిపోతారు. ఆ టెన్షన్‌తో నాకు సరిగ్గా నిద్ర పట్టేది కాదు.

మొదటి అప్పీలులో యాప్ ఏం చేస్తుందో, అనుమతి ఎందుకు కావాలో మర్యాదగా రాశాను. ఫారంలో ఇన్ని అక్షరాలే అని హద్దు ఉంటుంది, అందులోనే సర్దాలి. వచ్చిన జవాబు మొదటి మెయిల్‌కి అచ్చు నకలు, చివర్లో 'మా నిర్ణయంలో మార్పు లేదు' అనే మాట ఒక్కటే అదనం. మాట్లాడటానికి ఒక నంబరు గానీ, పేరున్న ఒక మనిషి గానీ లేరు.

అప్పుడు నేను చేసిన పనుల్లో అన్నిటికంటే పనికొచ్చింది సర్వర్ లాగ్, అంటే ఎవరు ఎప్పుడు ఏ పేజీ తెరిచారో సర్వర్ రాసుకునే చిట్టా, చూడటం. మా యాప్‌లోకి ఓటీపీతో రావాలి. విదేశంలో కూర్చుని పరీక్షించేవాళ్ళకి మన నంబరు ఓటీపీ అందదు కాబట్టి, మొదట యాప్ పంపినప్పుడే ఒక డెమో నంబరు, ఎప్పుడూ మారని ఓటీపీ ఇచ్చి ఉంచాను. తీసేసిన రోజు ఆ డెమో నంబరుతో ఎవరో లోపలికి వచ్చారు. లెక్కల పేజీ చూశారు, వాటాల పేజీ చూశారు, వెళ్ళిపోయారు. 'వేట మొదలు' బటన్ ఉన్న పేజీ తెరవనే లేదు. ఏ పని కోసం లొకేషన్ అడుగుతున్నామో ఆ పనిని చూడకుండానే అది అనవసరమని తేల్చేశారు. ఇది చదువుతున్న డెవలపర్లు ఎవరైనా సరే, డెమో అకౌంట్ వాడకాన్ని విడిగా లాగ్ చేసుకోండి. అప్పీలులో చేతికి దొరికే ఒకే ఒక్క ఆధారం అదే కావచ్చు.

రెండో అప్పీలుకు వీడియో జతచేయాలనుకున్నాను. యాప్ అనుమతి అడగడానికి ముందు ఎందుకు అడుగుతున్నామో చెప్పే స్క్రీన్, వాడేవాళ్ళు తమంతట తాము 'సరే' నొక్కడం, తెర ఆపినా దారి నమోదవడం, ఆపమంటే ఆగిపోవడం. ఇవన్నీ కోత లేకుండా వరసగా కనపడాలి. కానీ సముద్రంలోకి ఎలా వెళ్ళను? నిషేధంలో ఒక్క మర బోటూ కదలదు. చివరికి తెల్లవారుజామున ఆర్కే బీచ్ దగ్గర నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు మీద స్కూటర్ మీద వెళ్ళాం. మా తమ్ముడు బండి నడిపాడు, నేను వెనక కూర్చుని ఒక ఫోన్‌తో రెండో ఫోన్‌ని వీడియో తీశాను. రుషికొండ దాటాక ఫోన్ ఆపేసి మళ్ళీ ఆన్ చేశాం. భీమిలిలో యాప్ తెరిస్తే తీరం వెంబడి గీత, మధ్యలో చిన్న ఖాళీ, ఆ తర్వాత మళ్ళీ గీత. బ్యాక్‌గ్రౌండ్ అనుమతి ఎందుకో ఆ ఖాళీ చెప్పినంత బాగా ఏ వివరణా చెప్పలేదు. తర్వాత అదే ప్రయాణం ఆ అనుమతి లేకుండా చేశాం. ఫోన్ ఆపిన చోటే గీత ఆగిపోయింది.

ఈలోగా చాలామంది స్నేహితులు ఏపీకే ఫైలు, అంటే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు, వాట్సాప్‌లో పంపేయమన్నారు. నేను ఒప్పుకోలేదు. ట్రాఫిక్ చలానా అని, పెళ్ళి శుభలేఖ అని వాట్సాప్‌లో ఏపీకేలు పంపి బ్యాంకు ఖాతాలు ఊడ్చేస్తున్న మోసాలు మన రాష్ట్రంలోనూ జరుగుతున్నాయి. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే తెరవొద్దని పోలీసులు పదేపదే చెబుతున్నారు, అది సరైన మాట. అలాంటప్పుడు 'నాది మాత్రం వేసుకోండి' అని సరంగులకు ఎలా చెప్పను? ఆ అలవాటు నేను చేస్తే రేపు ఇంకొకడు నా పేరుతోనే మోసం చేస్తాడు. స్టోర్ చేతిలో ఎంత అధికారం ఉందో నాకు పూర్తిగా తెలిసింది అప్పుడే. బయట దారి ఉన్నా, నిజాయితీగా బతకాలనుకునేవాడికి అది దారి కాదు.

ఆ దారి కూడా ఇరుకవుతోంది. ధ్రువీకరణ పొందిన డెవలపర్ల యాప్‌లే ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కేలా మార్పు తెస్తామని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించింది. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేసియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లతో మొదలుపెడతామని చెప్పింది. మోసాలు తగ్గించడానికి అంటున్నారు. తగ్గితే మంచిదే. కానీ అప్పుడు స్టోర్ బయట యాప్ ఇవ్వడానికి కూడా చాలావరకు ఒక కంపెనీ గుమ్మం దగ్గరే నిలబడాలి.

పెద్దవాళ్ళకి జరిగినవి చూడండి. 2020 సెప్టెంబరు 18న పేటీఎంని గూగుల్ ప్లే స్టోర్ నుంచి తీసేశారు, కొన్ని గంటల్లోనే తిరిగి వచ్చేసింది. 2024 మార్చి 1న ఫీజుల తగాదాలో భారత్ మ్యాట్రిమోనీ, నౌకరీ లాంటి మన దేశపు యాప్‌లను తీసేసినప్పుడు కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ జోక్యం చేసుకున్నారు, రోజుల్లోనే అవి తిరిగొచ్చాయి. 2020 ఆగస్టులో ఫోర్ట్‌నైట్ ఆటను ఆపిల్, గూగుల్ రెండూ తీసేస్తే దాన్ని తయారుచేసిన ఎపిక్ కంపెనీ ఏళ్ళ తరబడి కోర్టుల్లో కొట్లాడింది. 2022 అక్టోబరులో, మార్కెట్లో పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే మన కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కి 1,337.76 కోట్లు ఒకసారి, 936.44 కోట్లు ఇంకోసారి జరిమానా వేసింది. రెండో దాన్ని 2025లో అప్పిలేట్ ట్రిబ్యునల్ 216.69 కోట్లకు తగ్గించింది. వీటిలో చాలావరకు కమీషన్ల గురించి, చెల్లింపుల గురించి, మార్కెట్‌పై పెత్తనం గురించి నడిచిన పోరాటాలు. అవీ అవసరమే. ఒక్కడే కూర్చుని యాప్ రాసుకునేవాడి మొరకు మాత్రం వీటిలో ఎక్కడా చోటు లేదు. నాకు మంత్రి అక్కర్లేదు. నా యాప్‌ని తెరిచి చూసే మనిషి కావాలి.

రెండో అప్పీలులో కథ చెప్పలేదు. యాప్ బాగుందనీ రాయలేదు. పాలసీలోని ఏ వాక్యం, దానికి ఎదురుగా మా యాప్‌లో ఏ స్క్రీన్, వీడియోలో అది ఏ నిమిషం దగ్గర కనపడుతుందో రాశాను. పరీక్షించినవాళ్ళు లొకేషన్ పేజీ తెరవలేదని లాగ్‌తో సహా చూపించాను. ఎవరినీ నిందించకుండా, 'దయచేసి ఈ పేజీ చూడండి' అని మాత్రం అడిగాను. రెండు ప్రయాణాల వీడియోలు పక్కపక్కన పెట్టాను. నిషేధం ముగియడానికి కొద్దిరోజుల ముందు మెయిల్ వచ్చింది, యాప్‌ని పునరుద్ధరించామని. ఎందుకు తీశారో ముందూ చెప్పలేదు, ఎందుకు తిరిగి పెట్టారో అప్పుడూ చెప్పలేదు. సంతోషం వేసింది గానీ ఆ మౌనం ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది. ఏది నచ్చలేదో తెలియకపోతే వచ్చే అప్‌డేట్‌లో దేన్ని జాగ్రత్తగా చూసుకోవాలి?

యూరప్‌లో 2020 జూలై 12 నుంచి అమల్లో ఉన్న ఒక చట్టం ప్రకారం ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్‌లు తమ మీద వ్యాపారం చేసుకునేవాళ్ళని ఆపేస్తే కారణాలు రాతపూర్వకంగా చెప్పాలి. పూర్తిగా తొలగించేటప్పుడు, కొన్ని మినహాయింపులు తప్ప, 30 రోజుల ముందు తెలియజేయాలి. ఫిర్యాదులు వినే ఏర్పాటు ఉండాలి. చిన్నచిన్న సంస్థలకు మినహాయింపు ఉంది గానీ పెద్ద స్టోర్లు తప్పించుకోలేవు. మన దగ్గర 2024 మార్చిలో, పెద్ద టెక్ కంపెనీల పెత్తనాన్ని అదుపు చేసేందుకు, డిజిటల్ పోటీ చట్టం ముసాయిదా బయటకు వచ్చింది. అందులో ఏముండాలని ఎవరైనా నన్ను అడిగితే మొదట ఇదే చెబుతాను: తీసేసేముందు కారణం చెప్పాలి, ఆ కారణం ఫలానా స్క్రీన్ అని వేలుపెట్టి చూపించగలిగేదై ఉండాలి. ప్రమాదకరమైన యాప్ అయితే వెంటనే తీసేయనీ, మిగతావాటికి గడువివ్వాలి. అప్పీలుని మొదట నిర్ణయం తీసుకున్నవాళ్ళు కాక వేరే మనిషి చదవాలి. ఇవి కంపెనీలకు భారమయ్యే కోరికలు కావు.

ఇప్పుడు యాప్‌లో లెక్కలన్నీ ఒక్క నొక్కుతో ఫైలుగా దించుకునే ఏర్పాటు పెట్టాను, యాప్ ఉన్నా లేకపోయినా లెక్క సరంగు దగ్గర ఉంటుంది. లెక్కల భాగాన్ని బ్రౌజర్‌లో తెరుచుకునేలా వెబ్‌లోనూ పెట్టాను. దారి నమోదు మాత్రం వెబ్‌లో కుదరదు, తెర ఆపితే బ్రౌజర్ కూడా ఆగిపోతుంది. ఫోన్‌పే వాళ్ళు 2024 ఫిబ్రవరిలో తెచ్చిన ఇండస్ యాప్‌స్టోర్ తెలుగులోనూ ఉంది. అందులోనూ పెట్టే పనిలో ఉన్నాను, ఒక్క గుమ్మాన్నే నమ్ముకోకూడదని. ప్రతి అప్‌డేట్‌తో పాటు కొత్తగా వీడియో తీసి, అప్పీలు అవసరం రాకముందే సిద్ధంగా ఉంచుతున్నాను.

గెలిచిన అప్పీలు ప్రతి, వీడియోలో ఏది తర్వాత ఏది చూపించాలో రాసుకున్న కాగితం నా దగ్గరున్నాయి. విశాఖలో గానీ, శ్రీకాకుళం, కాకినాడ వైపు గానీ ఒంటరిగా యాప్ రాసుకుంటూ ఇలాంటి మెయిల్ అందుకున్నవాళ్ళు అడిగితే ఇస్తాను. కూర్చుని మీ అప్పీలు మీతో కలిసి రాస్తాను.