టీం లీడ్ గోల్స్‌లో వెలాసిటీకి ఏం పని?

అప్రైజల్ ఫారాలు తెరిచే రోజులు వచ్చాయంటే చాలు, ఇక్కడ నెల్లూరులో మాగుంట లేఅవుట్‌లోనో దర్గామిట్టలోనో ఇంట్లో కూర్చుని చెన్నై, బెంగళూరు టీంలను నడిపే మన కుర్రాళ్ళ నుంచి ఒకటే మెసేజ్: "అన్నా, పర్సనల్ గోల్స్ ఏం రాయమంటావ్?" అప్పటికే వాళ్ళు రాసిపెట్టుకున్నవి చూస్తే వెలాసిటీ (ఒక్కో స్ప్రింట్‌లో, అంటే నెల లోపు పని విడతలో, టీం ముగించే పనికి వేసుకునే పాయింట్ల లెక్క) 20 శాతం పెంచడం, ఒక సర్టిఫికేషన్, అడుగున "కమ్యూనికేషన్ స్కిల్స్". సర్టిఫికేషన్‌దేముంది, ఫీజు కట్టి నాలుగు రాత్రులు చదివితే వస్తుంది. వెలాసిటీ అంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. అది టీం అంకె, మీది కాదు. పైగా పెంచడం మహా తేలిక, మొన్నటిదాకా 5 పాయింట్లన్న పనిని 8 అంటే సరి, గ్రాఫ్ పైకి పోతుంది, కస్టమర్‌కి మాత్రం అదే పని అదే రోజుకి అందుతుంది.

లీడ్ గోల్ అంటే లీడ్ అలవాటు ఒకటి మారాలి, మారిందో లేదో టీంలో అందరికంటే కొత్తగా చేరినవాడు కూడా చెప్పగలగాలి. నేను అడిగేది ఇంతే.

స్టాండప్, అంటే రోజూ టీం కలిసే చిన్న మీటింగ్ సంగతే తీసుకోండి. అది 15 నిమిషాల్లో అయిపోవాలని, డెవలపర్లు తమ పనిని తాము సర్దుకోవడానికేనని, ఈ పని పద్ధతికి రూల్‌బుక్ లాంటి స్క్రమ్ గైడ్‌లోనే ఉంది. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, అడ్డమేమన్నా ఉందా అనే ఆ మూడు ప్రశ్నలను 2020 గైడ్‌లో తీసేశారు కూడా. మన కాల్స్‌లో మాత్రం లీడ్ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవడం, వాళ్ళు లీడ్‌కే అప్పజెప్పడం, మిగతావాళ్ళు మ్యూట్‌లో వేరే పని చూసుకోవడం ఇంకా నడుస్తూనే ఉంది. పేర్లు పిలవకూడదని ఒక స్ప్రింట్‌కి గోల్ పెట్టుకోండి. పనులను కార్డులుగా పెట్టే బోర్డును కుడివైపు నుంచి, అంటే ముగింపుకి దగ్గరగా ఉన్న కార్డు నుంచి మొదలుపెట్టి "ఇది ఇవాళ అయిపోవాలంటే ఎవరు చెయ్యి వేస్తారు?" అని అడిగి ఊరుకోండి. మొదట్లో ఎవరూ నోరు తెరవరు, ఆ కాసేపు ఓర్చుకోవడమే అసలు కష్టం. మా టీంలో అలా ఊరుకున్నప్పుడే కావలి నుంచి పనిచేసే టెస్టర్ అమ్మాయి "అన్నా, ఆ కార్డు సోమవారం నుంచి రివ్యూలోనే పడుంది, ఎవురూ చూళ్ళేదు" అంది. పేర్లు పిలుచుకుంటూ పోతే "రివ్యూలో ఉంది" అనే ముక్కతో అది దాటిపోయేది.

ఎస్టిమేట్లు చెప్పేటప్పుడు కూడా అంతే. పని ఎంతుందో టీం అంకెల కార్డులతో అంచనా వేసే పద్ధతి, 2002లో జేమ్స్ గ్రెనింగ్ రాసిన ప్లానింగ్ పోకర్‌లో అందరూ కార్డులు ఒకేసారి తిప్పమన్నది ఒకరి అంకె ఇంకొకరి మీద పడకూడదనే. మన లీడ్ ముందే "ఇది రెండ్రోజుల పనే గదబ్బా" అనేశాక ఇక 13 చూపించే ధైర్యం ఎవరికుంటుంది? లీడ్ అసలు కార్డే తియ్యకపోతే ఇంకా మేలు. ఒకరు 3, ఒకరు 13 చూపిస్తే 13 వాళ్ళను ముందు మాట్లాడనివ్వండి, పాత కోడ్‌లో ఎక్కడ ఏం తగలబోతోందో వాళ్ళకే తెలిసుంటుంది.

గోల్ పెట్టుకున్నాక లెక్క అడిగేవాళ్ళుండాలి. మన రొట్టెల పండుగలో ఉద్యోగం రొట్టె పట్టుకున్నవాళ్ళు కోరిక తీరితే మరుసటేడు వచ్చి రొట్టె వదులుతారు. అప్రైజల్ గోల్‌కి ఆపాటి లెక్క కూడా లేదు. సాఫ్ట్‌వేర్ టీంలు ఎలా పనిచేయాలో చెప్పిన 2001 అజైల్ మానిఫెస్టో వెనకున్న 12 సూత్రాల్లో చివరిది, టీం క్రమం తప్పకుండా ఆగి తన పద్ధతిని తానే చూసుకుని సరిదిద్దుకోవాలని. అందుకే నా గోల్‌ని రెట్రో (స్ప్రింట్ చివర టీం తన పద్ధతిని చూసుకునే మీటింగ్) బోర్డు మీదే పెడతాను, దాని గురించి మాట్లాడేటప్పుడు కాల్ నుంచి బయటికొచ్చేస్తాను. "అన్నా" అని పిలిచేవాడి మొహం మీద "నువ్వేం మారలేదు" అనడం మన పిల్లలకి చేతకాదు, అది వాళ్ళ తప్పు కాదు. టీం స్క్రమ్ పద్ధతిని చూసుకునే స్క్రమ్ మాస్టర్ పేర్లు లేకుండా రాసి పంపింది తర్వాత చదువుకుంటాను.

ఈసారి నేను పెట్టుకున్న గోల్ సెలవు, కాల్స్‌లోకి రాకుండా. మొహర్రం నెలలో రొట్టెల పండుగకి బారాషహీద్ దర్గా దగ్గర జనం ఇసకేస్తే రాలనట్టు ఉంటారు, ఇంటినిండా చుట్టాలు, అయినా స్వర్ణాల చెరువు గట్టున ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రిలీజ్ కాల్‌లో ఉండే లీడ్‌లు ప్రతి ఏడూ కనపడతారు. నేను లేనప్పుడు ఏది ఆగిందో టీం రాసిపెడుతుంది. పాస్‌వర్డ్ నా దగ్గరే ఉందనో, ఆ క్లయింట్ నాతోనే మాట్లాడతాడనో ఏదైనా ఆగితే అది తర్వాతి స్ప్రింట్‌లో కార్డు అవుతుంది, ఆ పని ఇంకొకరు చేస్తారు, నేను పక్కన కూర్చుంటాను కీబోర్డు ముట్టుకోకుండా.