బటన్ల వరస తేలింది: ఇంట్లో ఆర్కేడ్ బాక్సు, మూడో వారం

గేమ్ అంగట్లో నిలబడి ఆడే వీడియో గేమ్ పెట్టె, అదే ఆర్కేడ్ బాక్సు, ఇంట్లోనే చేస్తున్నాను. ఈ వారం రంపం పట్టలేదు. బాక్సు పక్క పలకలు నిలబెట్టి, 24 అంగుళాల మానిటర్ కూర్చోబెట్టి పది రోజులవుతోంది. కంట్రోల్ ప్యానెల్ ఒక్కటే మిగిలింది. రంధ్రం ఒకసారి పడ్డాక పూడ్చలేం కాబట్టి వారమంతా అట్టముక్కల మీదే గడిపాను. ఇప్పుడు కొలతలు తేలాయి.

ముందు ఏ ఆటల కోసం చేస్తున్నానో చెప్పాలి. కడపలో ఏడు రోడ్ల దగ్గర మేము చిన్నప్పుడు పోయే గేమ్ అంగట్లో మూడే ఆటలు మాకు ప్రాణం. ఒకటి ముస్తఫా. దాని అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, కాప్‌కామ్ వాళ్లు 1993లో తెచ్చారు. కొట్టడానికి ఒకటి, ఎగరడానికి ఒకటి, రెండు బటన్లతో అయిపోతుంది. రెండోది కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97, నియో జియో అనే గేమ్ మిషన్ మీద నడిచే ఆట, ఏ, బీ, సీ, డీ అని నాలుగు బటన్లు. మూడోది 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2. దానికి ఆరు కావాలి: పై వరసలో మూడు గుద్దులు, కింది వరసలో మూడు తన్నులు, ఎడమ నుంచి కుడికి బలం పెరుగుతూ పోతుంది.

ఆరు చాలు కదా అనుకుని తిన్నగా మూడు, దాని కింద మూడు గీసుకున్నాను. టీవీ వచ్చిన అట్టపెట్టెను రెండు పొరలు చేసి, బ్లేడుతో రంధ్రాలు కోసి, నిజం బటన్లే బిగించి, వైర్లు కలిపి వంటగట్టు మీద పెట్టాను. అది కడప బండ, ఎంత బాదినా కదలదు. కింద రెండు లావు పుస్తకాలు పెడితే ఎత్తు 95 సెంటీమీటర్లకు వచ్చింది. నిలబడి ఆడడానికి నాకు ఆ ఎత్తు సరిగ్గా కుదిరింది.

మా చిన్నాయన కొడుకును పిలిచి 97 ఆడించాను. ఆరు బటన్ల ప్యానెల్ మీద ఈ ఆటకు మామూలుగా ఏ పైన, బీ దాని కింద, సీ పైన, డీ దాని కింద పెడతారు. గుద్దులు పైన, తన్నులు కింద. నాకు బాగానే ఉంది. వాడు మాత్రం ఐదు నిమిషాలకే చెయ్యి తీసేశాడు. "అన్నా, అంగట్లో నాలుగూ ఒకే వరసలో ఉండేవి. దొర్లాలంటే ఏ, బీ కలిపి కొట్టాలి. ఇక్కడ బొటనవేలు తిరగడం లేదు" అన్నాడు. ఏ, బీ, సీ మూడూ ఒకేసారి నొక్కాల్సి వచ్చినప్పుడు ఇంకా తడబడ్డాడు. వరసలో ఉంటే మూడు వేళ్లు వాల్చితే పని అయిపోతుంది. వాడి చేతికి ఇరవై ఏళ్ల కిందటి అలవాటు అట్లాగే ఉంది. దాన్ని మార్చుకోమని నేనెందుకు చెప్పాలి, ఈ బాక్సు చేస్తున్నదే ఆ అలవాటు కోసం.

అక్కడే దారి దొరికింది. టైటో అనే కంపెనీ వాళ్ల వ్యూలిక్స్ ఆర్కేడ్ బాక్సుల్లో రెండు వరసల్లో నాలుగేసి, ఎనిమిది బటన్లు ఉంటాయి. ఎనిమిదీ వాడే ఆట నా దగ్గర లేదు కాబట్టి ఇన్నాళ్లూ దాన్ని పక్కన పెట్టాను. కానీ పై వరస నాలుగూ 97కి సరిపోతాయి, ఎడమ పక్క ఆరూ స్ట్రీట్ ఫైటర్‌కి సరిపోతాయి. పై వరసకు నియో జియో రంగులే వేస్తున్నాను: ఏ ఎరుపు, బీ పసుపు, సీ ఆకుపచ్చ, డీ నీలం. మిగతావి తెలుపు.

వ్యూలిక్స్‌లో మొదటి నిలువు, అంటే ఎడమ చివర ఒకదాని కింద ఒకటి ఉన్న రెండు బటన్లు, కొంచెం కిందికి జారి ఉంటుంది. ఎంత జారాలో చేతినే అడిగాను. వేళ్ల కొసలకు తడి పసుపు అద్దుకుని, కళ్లు మూసుకుని చార్టు మీద చెయ్యి వాల్చాను. తమ్ముడి చేత, తొమ్మిదేళ్ల మా వాడి చేత కూడా చేయించాను. ముగ్గురికీ చూపుడువేలు, చిటికెనవేలు మధ్యవేలి కంటే కిందే పడ్డాయి. తిన్నటి వరస మీద మణికట్టు ఎందుకు లాగుతోందో అప్పుడు అర్థమైంది.

ఖాయం చేసిన కొలతలు ఇవి, అన్నీ మిల్లీమీటర్లలో, బటన్ మధ్య నుంచి మధ్యకు. మొదటి నిలువు రెండోదానికి 33 ఎడమగా, 18 కిందికి. రెండు, మూడు నిలువుల మధ్య 36. నాలుగోది మూడోదానికి 36 కుడిగా, 9 కిందికి. పై వరసకు, కింది వరసకు మధ్య 39. జాయ్‌స్టిక్ నుంచి మొదటి బటన్‌కు 90. బటన్ రంధ్రం 30 అయినా పైన అంచు దాదాపు 33 ఉంటుంది, అందుకే 36కి తగ్గితే వేలు పక్క బటన్‌కు తగులుతుంది. మా వాడి వేళ్లకు ఈ దూరం ఎక్కువే. 24 మిల్లీమీటర్ల చిన్న బటన్లు పెడదామా అని ఒక పూట ఆలోచించాను, కానీ అరచేత్తో బాదే సుఖం వాటిలో ఉండదు. వాడు ఎదుగుతాడు.

కాగితం మీద గీసి ప్రింట్ తీయించినప్పుడు ఒక తప్పు జరిగింది. మచ్చుకు ప్లైవుడ్ ముక్క మీద అంటించి రంధ్రాలు కొట్టాక చూస్తే బటన్లు మరీ దగ్గరగా వచ్చాయి. ప్రింటర్ పేజీలో పట్టేలా బొమ్మను 97 శాతానికి కుదించింది. 36 కాస్తా 35 అయింది. ఇప్పుడు ప్రతి కాగితం మీదా ఒక మూల 100 మిల్లీమీటర్ల గీత పెడుతున్నాను. స్కేలు పెట్టి అది సరిగ్గా 100 ఉంటేనే కాగితం వాడుతున్నాను. ప్రింట్ ఇచ్చేటప్పుడు "నూరు శాతం సైజులోనే" అని చెప్పండి.

ఇద్దరు ఆడేటప్పటి వెడల్పు కూడా అట్ట మీదే తెలిసింది. స్టిక్ నుంచి స్టిక్‌కు 32 సెంటీమీటర్లు పెడితే నా కుడి మోచెయ్యి తమ్ముడి ఎడమ మోచేతిని పొడుస్తోంది. 40 పెడితే హాయిగా ఉంది. దాంతో ప్యానెల్ 80 సెంటీమీటర్లయింది, మానిటర్‌కు రెండు పక్కలా చెవుల్లా బయటికి వస్తుంది. చూడడానికి నాకు అదే నచ్చింది. ముందు అంచు నుంచి కింది వరసకు పది సెంటీమీటర్లు వదిలాను, అరచెయ్యి ఆనాలి.

స్టార్ట్, కాయిన్ బటన్లు 24 మిల్లీమీటర్లవి, పై అంచున, చేతికి దూరంగా. పాత ఆటలు నడిపే సాఫ్ట్‌వేర్ నాది రెట్రోపై, అందులో ఆ రెండూ కలిపి నొక్కితే ఆట మూసుకుపోతుంది, అందుకే పక్కపక్కన పెట్టలేదు. ఒక్కొక్కరికి ఎనిమిదీ రెండూ కలిపి పది బటన్లు. బటన్ నొక్కుళ్లను యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కు చేరవేసే ఎన్‌కోడర్ బోర్డు, నేను కొన్నది, 12 తీసుకుంటుంది కాబట్టి ఆటగాడికి ఒక బోర్డు చాలు. రెండు బోర్డులకూ పేరు ఒకటే, వైర్లు మార్చి గుచ్చితే ఒకటో ఆటగాడు రెండో ఆటగాడవుతున్నాడు. యూఎస్‌బీ రంధ్రాలకు పెయింటుతో గుర్తులు పెట్టాను.

ఇక పలక సంగతి. నా బటన్లు నొక్కితే క్లిప్పు పడే రకం. 18 మిల్లీమీటర్ల చెక్కలో క్లిప్పు దిగదు, బటన్ ఊగుతుంది. అందుకని పైన 2 మిల్లీమీటర్ల ఇనుప రేకు, కింద చెక్క చట్రం, బటన్ల గుంపు కింద చెక్కను మొత్తంగా కోసేయడం. నిన్న సాయంత్రం రేకు పని చేసే అంగడికి కొలతల కాగితం, మచ్చు ముక్క రెండూ ఇచ్చి వచ్చాను. రంధ్రాల అంచులు ఆకురాయితో నున్నగా రుద్దమని రెండుసార్లు చెప్పాను, మా వాడి వేళ్లు ముందు తగిలేది వాటికే. శనివారం ఇస్తామన్నారు.